యాభై ఎనిమిది పెట్టెలు

కంచరపాలెంలో మా బడి గోడకి అవతల రైలుపట్టా.
ఖనిజం గూడ్సు పోతున్నంతసేపూ
ఏ మాస్టారి గొంతూ చాలదు,
సుద్దముక్క పట్టుకుని బొమ్మల్లా నిలబడతాం.
అది దాటాక అడిగాను:
"దేముడూ, లెక్క ఎంతవరకూ వచ్చింది?"
"యాభై ఎనిమిది పెట్టెలు మేడం.
ఇరవై మూడోదాని తలుపు వేలాడుతోంది."
క్లాసంతా నవ్వింది.
నేను బెత్తం వెతికాను.

తాత పేరు వాడిది.
హాజరుపట్టీలో మూడుసార్లు పిలిస్తేగాని పలకడు.
ఆ పేరున్న పెద్దాయన సంగతీ అంతేగా అని
స్టాఫ్‌రూములో జోకు. వేసింది నేనే.
ఆ ఏడు వాడు పోగొట్టినవి
పదకొండు పెన్నులు, రెండు జామెట్రీ బాక్సులు, ఒక చెప్పు.
రెండో చెప్పు సంచిలోనే మోసేవాడు,
మొదటిది దొరికితే జత కావాలి కదా.

వాళ్ళమ్మ వరహాలు
ఊర్వశి జంక్షన్లో ఇడ్లీబండి కట్టేసి
పిండి చేతులతోనే వచ్చేది:
"ఏటి సెయ్యమంటారు మేడం,
పాలకి పంపితే పిల్లిపిల్లని తెచ్చేడు.
కొట్టి మళ్ళీ పంపేను.
ఈసారి పాలు తెచ్చేడు, సైకిలు మర్సిపోనాడు."

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
చీటీ మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసి
వీడి బుర్ర తీరే ఇంత, పొగరనుకోకండి అంది.
వరహాలు ఆ చీటీ మడిచి చిల్లర డబ్బాలో పెట్టుకుంది.
బస్టాపులో కూర్చుని
ఇన్నాళ్ళూ తను కొట్టిన దెబ్బలు లెక్కపెట్టబోయిందట.
కుదరలేదట.
నా బెత్తం సంగతి నేను ఎత్తలేదు.

తర్వాత వాడికి నేనే దారి చూపించానని
చెప్పుకోవాలని ఉంటుంది ఒక్కోసారి.
దారి వాడే వేసుకున్నాడు,
నేను అడ్డం తప్పుకున్నాను.

బెంచీకాళ్ళకి పాత సైకిలు ట్యూబు కట్టాడు.
పాదం దాన్ని సాగదీస్తూ ఉంటే
బుర్ర బోర్డు మీద నిలుస్తుందట.
ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో
హోంవర్కు, సీసా, సంచి.
చెమటకి చెరిగిపోతే (వైజాగు చెమట తెలిసిందే)
పక్కనుండే ఇమ్మానియేలు అరచేతిలో నకలుంటుంది.
లెక్క మొత్తం ఒకేసారి చూస్తే బెదిరిపోతాడు.
అట్టముక్కకి సన్నటి కిటికీ కోసుకుని
ఒక్కో వరుసా జరుపుకుంటూ పోతాడు,
గోడకంతలోంచి గూడ్సు చూసినట్టు,
ఒక్కో పెట్టె.

గంట కొట్టే పని వాడికిచ్చాను.
మొదటిరోజు మూడో పీరియడు పన్నెండు నిమిషాల్లో ముగిసింది.
హెడ్మాస్టారు నన్ను పిలిచారు.
రెండోవారానికి కుదురుకున్నాడు.
ఎలాగంటే, రైలు కూతల్ని బట్టి.
రైళ్ళు ఆలస్యమైన రోజు మా చదువూ ఆలస్యం.

అర్ధసంవత్సరం పరీక్షలో
ప్రశ్నపత్రం వెనక్కి తిప్పనే లేదు. పన్నెండు మార్కులు.
నీళ్ళట్యాంకు వెనక నాచు గీకుతూ
కూర్చుండిపోయాడు. కూత వినబడింది, గంట వినబడలేదు.
ఆ మధ్యాహ్నం బడి మొత్తం
ఐదో పీరియడులోనే ఉండిపోయింది.
ఎవరూ వెళ్ళి సుత్తి అందుకోలేదు.
మర్నాడు వేళకి మోగింది.

ఆఖరి పరీక్షకి కాగితం అందగానే
మూలన బాణం గీసి రాసుకున్నాడు: తిప్పు.
నలభై ఒకటి.

వరహాలు స్టాఫ్‌రూముకి ఇడ్లీలు పంపింది.
ఇడ్లీలు ఇమ్మానియేలు తెచ్చాడు.
చట్నీ దేముడు తేవాలి.
చూసి చూసి నేనే బయల్దేరాను.
పట్టా పక్కన గిన్నె దించి నిలబడున్నాడు,
వేళ్ళు మడుచుకుంటూ, ముఖం మీద ఎర్రధూళి.
నేనూ పక్కన నిలబడ్డాను.
ముప్పై నాలుగు దగ్గర నాకు లెక్క తప్పింది.
వాడు ఆపలేదు.